టార్చిలైటు కొనేముందు చేను ఎంతుందో చూసుకోండి

శెనక్కాయకు ఊడలు దిగి కాయ పట్టే దశ వచ్చిందంటే మన జిల్లా మెట్ట రైతుకు రాత్రి నిద్ర ఉండదు. పొద్దు గూకితే అడవిపందులు మందగా దిగుతాయి. ఒక్క రాత్రి ఏమరుపాటుగా ఉన్నా తెల్లారేసరికి సాళ్లకు సాళ్లు తిరగేసి పోతాయి. మొక్కజొన్న, చెరకు వేసినవారిదీ ఇదే బాధ. ఇది చాలదన్నట్టు కరెంటు ఏ వేళకు వస్తే ఆ వేళకు మోటారు దగ్గరికి పోక తప్పదు. గెనిమ మీద పాము, దారిలో ముళ్లకంప, తడి చేతులతో స్టార్టరు డబ్బా. వీటన్నిటి నడుమ రైతు చేతిలో ఉండే ఆయుధం ఒక్క టార్చిలైటే.

ఇంత ముఖ్యమైన వస్తువును కొనేటప్పుడు మాత్రం మనం పెద్దగా ఆలోచించం. సంతలోనో, బస్టాండు దగ్గర అంగట్లోనో పెట్టె మీద '2 కిలోమీటర్లు', '5 కిలోమీటర్లు' అని పెద్ద అక్షరాలు చూసి తెచ్చుకుంటాం. పది రోజులు బాగా వెలుగుతుంది. ఆ తరువాత ఛార్జింగు నిలవదు. అర్ధరాత్రి చేను మధ్యలో ఆరిపోతుంది. ఏడాదికి రెండు మూడు లైట్లు మార్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. చిన్న, సన్నకారు రైతుకు ఇది దండగ ఖర్చే కాదు, ప్రాణం మీదికి తెచ్చే వ్యవహారం కూడా. అందుకే లైటు ఎంపికలో చూసుకోవలసిన సంగతులను ఈ వారం వివరంగా తెలుసుకుందాం.

వెలుగు వేరు, దూరం వేరు

లైటు కొలతలు రెండు రకాలు. మొదటిది ల్యూమెన్. లైటులో నుంచి అన్ని పక్కలకూ కలిపి మొత్తం ఎంత వెలుగు వస్తున్నదో ఇది చెబుతుంది. రెండవది క్యాండెలా. ఆ వెలుగు ఒకే దిక్కుకు ఎంత బిగువుగా పోతున్నదో ఇది చెబుతుంది. దూరం పోవాలంటే చూడవలసింది క్యాండెలా.

ఇది బోరు పైపుతో పోల్చుకుంటే తేలికగా అర్థమవుతుంది. పైపులో వచ్చే నీళ్లు ఎన్ని అనేది ల్యూమెన్ లాంటిది. పైపు మూతిని బొటనవేలితో నొక్కితే అవే నీళ్లు పది అడుగులు ఎక్కువ దూరం పడతాయి. నీళ్లు పెరగలేదు, బిగువు పెరిగింది. టార్చిలో ఆ బొటనవేలు పని చేసేది బల్బు చుట్టూ ఉండే అద్దం లాంటి గిన్నె, అంటే రిఫ్లెక్టరు. గిన్నె వెడల్పుగా, లోతుగా, నున్నగా ఉండి, మధ్యలో ఉన్న ఎల్.ఇ.డి. చిన్నదిగా ఉంటే వెలుగు కడ్డీలాగా సూటిగా దూరం పోతుంది. గిన్నె చిన్నదై, పది పదిహేను ఎల్.ఇ.డి.లు గుంపుగా ఉంటే దగ్గరలో పట్టపగలులాగా ఉంటుంది కానీ దూరం పోదు. కాబట్టి ఎల్.ఇ.డి.లు ఎక్కువ ఉన్న లైటు ఎక్కువ దూరం పోతుందనుకోవడం పొరపాటు.

పెట్టె మీద రాసే దూరానికి కంపెనీలు పాటించే ఒక కొలత ఉంది. నిండు పున్నమినాడు మబ్బు లేని ఆకాశం కింద నేల మీద పడేంత వెలుగు, అంటే పావు లక్స్, ఎంత దూరంలో మిగులుతుందో ఆ దూరాన్నే లైటు దూరంగా లెక్కిస్తారు. పున్నమి వెన్నెలలో మనిషి ఆకారం కనిపిస్తుంది కానీ అది పందో, దూడో, పొదో తేల్చుకోలేం. దూరం సగానికి వస్తే వెలుగు నాలుగింతలవుతుంది. అందుకని పెట్టె మీద రాసిన దూరంలో సగమే పనికి వచ్చే దూరమని లెక్క వేసుకోవడం మంచిది. 200 మీటర్లు అని నిజాయితీగా రాసిన లైటు మనకు 100 మీటర్ల లైటు కింద లెక్క.

క్యాండెలా తెలిస్తే దూరం మనమే లెక్క కట్టవచ్చు. పిల్లలు బడిలో చేసే వర్గమూలం లెక్కే ఇది. క్యాండెలా వర్గమూలాన్ని రెట్టింపు చేస్తే మీటర్లలో దూరం వస్తుంది.

2,500 క్యాండెలా అయితే 100 మీటర్లు
10,000 క్యాండెలా అయితే 200 మీటర్లు
22,500 క్యాండెలా అయితే 300 మీటర్లు
40,000 క్యాండెలా అయితే 400 మీటర్లు
10 లక్షల క్యాండెలా అయితే 2,000 మీటర్లు

ఈ వరుస చూస్తే ఒక విషయం తెలుస్తుంది. దూరం రెట్టింపు కావాలంటే బిగువు నాలుగింతలు కావాలి. రెండు కిలోమీటర్ల దూరానికి 10 లక్షల క్యాండెలా కావాలి. అరచేతిలో పట్టే చవక లైటుకు అంత శక్తి ఉండదు. కాబట్టి చిన్న లైటు పెట్టె మీద కిలోమీటర్ల లెక్క కనిపిస్తే నమ్మవలసిన పని లేదు.

మన చేనుకు ఎంత దూరం కావాలి?

ఇది చాలామంది వేసుకోని లెక్క. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. చేను చదరంగా ఉంటే ఒక పక్క 64 మీటర్లు మాత్రమే. రెండున్నర ఎకరాలు, అంటే ఒక హెక్టారు చేను చదరంగా ఉంటే ఒక పక్క 100 మీటర్లు. ఈ మూల నుంచి ఆ మూలకు 141 మీటర్లు. ఐదెకరాలకు ఒక పక్క 142 మీటర్లు, మూల నుంచి మూలకు సుమారు 200 మీటర్లు.

మంచె చేను మధ్యలో ఉంటే ఇంకా తగ్గుతుంది. రెండున్నర ఎకరాల చేనులో మధ్య నుంచి మూలకు 71 మీటర్లే. ఐదెకరాలకైనా 100 మీటర్లే. అంటే మధ్యలో మంచె వేసుకున్న ఐదెకరాల లోపు రైతుకు నిజమైన 200 మీటర్ల లైటు చాలు. రెండున్నర ఎకరాల చేనుకు ఒక మూల నుంచి కాపలా కాసేవారికి 300 మీటర్ల లైటు సరిపోతుంది. అంతకు మించిన దూరానికి డబ్బు పెట్టడం కంటే మంచె జాగా మార్చుకోవడం మేలు. చేను పొడుగ్గా పట్టీలాగా ఉన్నవారు, కొండ వారగా ఉన్నవారు మాత్రం తమ చేను పొడవును అడుగులతో కొలుచుకుని, దానికి రెట్టింపు దూరం రాసి ఉన్న లైటు చూసుకోవాలి.

ఇంకో మాట. దూరం పోయే లైటు కడ్డీ సన్నగా ఉంటుంది. దూరాన పంది కనిపిస్తుంది కానీ కాళ్ల దగ్గర చీకటిగానే ఉంటుంది. పాము ఉండేది కాళ్ల దగ్గరే. కాబట్టి దూరపు లైటు ఒక్కటే ఉంటే చాలదు. వెలుగును పరచడానికీ, బిగించడానికీ వీలుగా ముందు మూతి జరిగే జూమ్ రకం కొనుక్కోవచ్చు. లేదా పక్కన చిన్న గొట్టం బల్బు ఉండి దగ్గరకు వెలుగు పరిచే రకం తీసుకోవచ్చు. లేదంటే చేతికి దూరపు లైటు, తలకు చిన్న లైటు పెట్టుకోవచ్చు.

బ్యాటరీయే ప్రాణం

లైటు పాడయ్యిందంటే చాలావరకు పాడయ్యేది బల్బు కాదు, బ్యాటరీ. మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది వాడి పారేసే సెల్లు. పెద్ద సైజు సెల్లు ఒక్కొక్కటి ఒకటిన్నర వోల్టు. ఇది ఏ పల్లె అంగట్లోనైనా దొరుకుతుంది. కరెంటు లేని చోట, ఛార్జింగు వీలు కాని చోట దీనికి మించింది లేదు. అయితే రోజూ వాడితే ఖర్చు. పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేయరాదు. వాడని నెలల్లో లోపలే ఉంచితే సెల్లు కారి స్ప్రింగు చిలుము పట్టి లైటు పనికిరాకుండా పోతుంది.

రెండవది సీసం బ్యాటరీ. చవక రకం పెద్ద ఛార్జింగు లైట్లలో 4 వోల్టులది, 6 వోల్టులది ఉంటుంది. బరువు ఎక్కువ. దీనికి ఒక గుణం ఉంది. పూర్తిగా ఖాళీ చేసి పక్కన పడేస్తే లోపలి పలకలు గట్టిపడి మళ్లీ ఛార్జింగు ఎక్కదు. పంట కోసిన తరువాత లైటును అటకమీద పడేసి, మళ్లీ సీజనుకు తీసేసరికి చచ్చిపోయి ఉండటానికి కారణం ఇదే. వాడిన మరునాడే నిండా ఛార్జి చేయాలి. వాడకపోయినా నెలకొకసారి ఛార్జి పెట్టాలి.

మూడవది లిథియం బ్యాటరీ. ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది ఇదే. తేలిక, ఛార్జింగు నిలుస్తుంది. సన్నని గొట్టం లాంటి సెల్లును 18650 అంటారు. అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. దీని మామూలు వోల్టేజి 3.7. ఎంత కరెంటు పట్టుకుంటుందో మిల్లీ ఆంపియర్ అవర్‌లలో రాస్తారు. మంచి కంపెనీల 18650 సెల్లులో 3,500 అటూ ఇటూ మాత్రమే పడుతుంది. ఇదే సైజు సెల్లు మీద 6,000 అనో, 9,900 అనో రాసి ఉంటే అది అబద్ధమని వెంటనే తెలుసుకోవాలి. ఇదొక్కటి గుర్తుంటే సగం మోసాలను అంగట్లోనే పట్టుకోవచ్చు.

ఎంతసేపు వెలుగుతుంది?

ఇది కూడా మనమే లెక్క వేసుకోవచ్చు. 2,000 మిల్లీ ఆంపియర్ అవర్ అంటే 2 ఆంపియర్ అవర్. దాన్ని 3.7 వోల్టులతో హెచ్చిస్తే 7.4 వాట్ అవర్ వస్తుంది. దానిని ఎల్.ఇ.డి. వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. 10 వాట్ల ఎల్.ఇ.డి. అయితే ముప్పావు గంటకే అయిపోతుంది. 3 వాట్లదైతే రెండున్నర గంటలు వస్తుంది. 1 వాటుదైతే ఏడు గంటలు దాటుతుంది. నడుమ పోయే నష్టం వల్ల నిజానికి ఇంకాస్త తక్కువే వస్తుంది.

ల్యూమెన్ల అబద్ధం కూడా ఇలాగే తేలుతుంది. ఎల్.ఇ.డి. వాటుకు సుమారు 100 ల్యూమెన్లు, బాగుంటే ఇంకొంచెం ఎక్కువ ఇస్తుంది. ఒక్క సెల్లు లైటు మీద 10,000 ల్యూమెన్లు అని ఉంటే దానికి 80 నుంచి 100 వాట్లు కావాలి. ఆ లెక్కన పైన చెప్పిన సెల్లు ఐదారు నిమిషాలకే ఖాళీ కావాలి. అంగడాయన మాత్రం నాలుగు గంటలు వెలుగుతుందంటాడు. రెండూ నిజం కావడానికి వీల్లేదు.

రాత్రంతా కాపలా అంటే రాత్రంతా వెలిగించి ఉంచడం కాదు. గంటకు నాలుగైదు సార్లు నిమిషం సేపు తిప్పి చూస్తే చాలు. కాబట్టి ఎక్కువ, మధ్య, తక్కువ అని మూడు రకాల వెలుగు ఉండే లైటు తీసుకోవాలి. నడకకు తక్కువ, చేను చూడటానికి ఎక్కువ వాడుకోవాలి. మిణుకు మిణుకుమనే రకం కూడా ఉంటే ఆపద సమయంలో పక్క చేను వాళ్లకు సైగ చేయడానికి పనికి వస్తుంది. బ్యాటరీ ఊడదీసి మార్చుకునే వీలున్న లైటైతే ఇంకొక సెల్లు ఛార్జి చేసి జేబులో ఉంచుకోవచ్చు. అయితే ఆ సెల్లును తాళంచెవులు, చిల్లర డబ్బులతో కలిపి వేసుకోరాదు. రెండు కొనలకూ ఇనుము తగిలితే మంట పుడుతుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఉంచుకోవాలి.

చవకా, ప్రియమా?

ఒక లెక్క చూద్దాం. 300 రూపాయల లైటు ఆరు నెలలకు పాడవుతుందనుకుందాం. మూడేళ్లకు ఆరు లైట్లు, 1,800 రూపాయలు. 1,000 రూపాయల లైటు మూడేళ్లు నిలిచి, మధ్యలో ఒకసారి 250 రూపాయలు పెట్టి సెల్లు మార్చామనుకుందాం. మొత్తం 1,250. రెండవదే చవక. అయితే ఈ లెక్క నిలవాలంటే మూడు ఉండాలి: సెల్లు మార్చుకునే వీలు, ఆ సెల్లు మన టౌనులో దొరకడం, బిల్లుతో కూడిన గ్యారంటీ. సీలు వేసి అతికించిన లైటులో బ్యాటరీ పోతే లైటు మొత్తం పోయినట్టే. అందుకే కొనేముందు అడుగు భాగం మర తిప్పి తెరిచి చూపించమని అడగాలి.

బిల్లు అడిగితే ఇవ్వని చోట కొనకపోవడమే మంచిది. లిథియం సెల్లుకు భారత ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషను తప్పనిసరి. సెల్లు మీద గానీ, పెట్టె మీద గానీ ఐ.ఎస్. 16046 అనే గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందేమో చూడాలి.

వాననీళ్లు, దుమ్ము

మన రైతు లైటు మడిలో పడుతుంది, వానలో తడుస్తుంది. పెట్టె మీద ఐ.పి. అని రెండు అంకెలు రాసి ఉంటాయి. మొదటి అంకె దుమ్ముకు, రెండవది నీళ్లకు. నీళ్ల అంకె 4 ఉంటే వాన చినుకులకు తట్టుకుంటుంది. 5 ఉంటే పైపు నీళ్లు చిమ్మినా పరవాలేదు. 7 ఉంటే ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట పడినా పాడు కాదు. కాపలాకు 4 చాలు. వరి మడులకు నీళ్లు కట్టేవారు 7 చూసుకుంటే మంచిది. ఛార్జింగు పెట్టే రంధ్రానికి రబ్బరు మూత బిగువుగా ఉండాలి. ఆ మూత ఊడిపోతే ఈ అంకెలకు అర్థం లేదు.

లైటుకు మణికట్టు తాడు తప్పక ఉండాలి. స్విచ్చి తడి వేలితో, చీకట్లో తడిమినా దొరకాలి.

కన్ను మెరవకపోతే పంది లేదనుకోవద్దు

లైటు వేస్తే కుక్క, నక్క, పిల్లి, గొడ్డు కళ్లు మెరుస్తాయి. కంటి వెనుక అద్దం లాంటి పొర ఉండటమే దీనికి కారణం. పందికి ఆ పొర లేదు. అందుకని పంది కన్ను అలా మెరవదు. లైటు వేసి మెరుపు కనిపించలేదు కనుక చేనులో పందులు లేవని వెనక్కి తిరిగి వచ్చేవారు మోసపోతారు. మెరుపు కోసం కాదు, కదలిక కోసం చూడాలి. లైటును నిదానంగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పి, ఆపి, చెవి పెట్టి వినాలి. మొక్కజొన్న విరిగే చప్పుడు, గురక చప్పుడే ముందు దొరుకుతాయి.

పాము కన్ను కూడా మెరవదు. అందుకే నడిచేటప్పుడు లైటు నడుము కంటే కిందికి, వీలైతే మోకాలి ఎత్తున పట్టుకోవాలి. అప్పుడు గెనిమ మీద ఉన్న ప్రతిదానికీ నీడ పొడుగ్గా పడి ఎత్తుపల్లాలు, చుట్ట చుట్టుకున్న పాము తేలికగా తెలుస్తాయి. తల లైటు ఒక్కటే ఉంటే నీడ వస్తువు వెనుకకే పోతుంది. కన్ను, లైటు ఒకే చోట ఉండటంతో నేల చదునుగా కనిపిస్తుంది. తల లైటు మోటారు దగ్గర, పాలు పితికే చోట, తెల్లవారుజామున పూలు, టమేటా కోసే చోట బాగా పనికి వస్తుంది. నడకకు మాత్రం చేతి లైటే మేలు.

చలికాలం పలమనేరు, కుప్పం పక్క పొగమంచు పడుతుంది. మంచులో లైటును కంటి ఎత్తున పట్టుకుంటే వెలుగు తిరిగి కంట్లోనే కొడుతుంది, ఎదురుగా తెల్లగోడ ఉన్నట్టుంటుంది. లైటు కిందికి దించి, తక్కువ వెలుగులో వాడాలి. నీలం ఛాయ ఉన్న తెల్లలైటు కంటే కొంచెం పసుపు ఛాయ ఉన్నది కంటికి హాయిగా ఉంటుంది, మట్టి రంగు, ఆకు రంగు తేడా బాగా తెలుస్తుంది.

ఇంకొకటి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఒకసారి పెద్ద లైటు దగ్గరి గోడ మీద వేసుకుంటే ఆ అలవాటంతా పోతుంది. మంచె మీద కూర్చున్నప్పుడు సెల్‌ఫోను చూస్తూ ఉన్నా ఇదే ఇబ్బంది.

లైటు ఒక్కటే పందిని ఆపదు

అడవిపందికి చూపు తక్కువ, వాసన, వినికిడి ఎక్కువ. మొదటి రెండు మూడు రాత్రులు లైటుకు బెదురుతుంది. రోజూ ఒకే చోట నుంచి అదే లైటు పడితే అలవాటు పడిపోతుంది. లైటుతో పాటు డబ్బా చప్పుడు, కేక ఉండాలి. జాగా మారుస్తూ ఉండాలి. మొక్కజొన్న చుట్టూ ఆముదం, శెనక్కాయ చుట్టూ ముళ్లు ఉండే కుసుమ రెండు మూడు వరుసలు గట్టు పంటగా వేసుకోవాలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. పిల్లలతో ఉన్న పందిని, గాయపడిన పందిని లైటు పట్టుకుని పొదల్లోకి తరమరాదు. అది తిరగబడితే మనిషి తట్టుకోలేడు.

లైను నుంచి కరెంటు తీసి చేను చుట్టూ ఉత్త తీగ కట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. పందికి పెట్టిన తీగకు పక్క చేను రైతు, నీళ్లు కట్టబోయిన సొంత బిడ్డ బలైపోయిన ఘటనలు పేపర్లలో చూస్తూనే ఉన్నాం. అది నేరం కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవిపందిని చంపడమూ నేరమే.

కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న ఊళ్లలో ఏనుగుల సంగతి వేరు. పెద్ద లైటు ఉంది కదా అని ఏనుగు ముఖాన వేసి తరమాలని చూడటం ప్రాణాలతో చెలగాటం. లైటు ఆర్పి, చప్పుడు లేకుండా దూరం జరిగి, అటవీ సిబ్బందికి కబురు చేయాలి. పంట పోయినా నష్టపరిహారానికి అర్జీ పెట్టుకోవచ్చు. మనిషి పోతే ఏం పెట్టినా రాడు.

పాము కాటు సంగతి

2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. ఎక్కువమంది పల్లెల వాళ్లే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగే ముఖ్యంగా ప్రాణం తీసేవి. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది. దాని కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. నేల మీద పడుకున్నవారికి తెలియకుండానే జరిగిపోతుంది.

అందుకే లైటుతో పాటు కాలికి బూట్లు ఉండాలి, చేతిలో కర్ర ఉండాలి. కాపలా దగ్గర నేల మీద కాకుండా మంచె మీద పడుకోవాలి. దోమతెర కట్టుకుని అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయరాదు. కాటు పడిన కాలు, చెయ్యి కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, విషం విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆస్పత్రికి వెంటనే తీసుకుపోవాలి. నాటుమందు అంటూ పోగొట్టుకునే గంటే ప్రాణం తీస్తుంది.

మోటారు దగ్గర

ఫ్యూజు పోయినా, స్టార్టరు పట్టకపోయినా రాత్రిపూట లైటు నోట్లో కరుచుకుని తీగలు ముట్టుకోవడం చాలామందికి అలవాటు. ఇది మానుకోవాలి. ట్రాన్స్‌ఫారం జోలికి లైన్‌మన్ లేకుండా పోరాదు. స్టార్టరు డబ్బా తెరిచే ముందు దూరం నుంచే లైటు వేసి చూడాలి. వెచ్చదనానికి బల్లి, తేలు, పాము ఆ డబ్బాలో చేరతాయి. కింద తడి ఉందేమో, తీగ తెగి పడిందేమో చూసి, ఆరిన చేతులతో, చెప్పులు వేసుకుని మాత్రమే ముట్టుకోవాలి.

కొన్న తరువాత పరీక్ష

పగటిపూట అంగట్లో వెలిగించి చూస్తే ఏమీ తెలియదు. తిరిగి ఇచ్చే గడువు అడిగి తెచ్చుకుని మొదటి రెండు రాత్రుల్లోనే పరీక్ష చేయాలి. చేను గట్టున ఒక కట్టెకు తెల్ల యూరియా సంచి, దాని పక్కన మట్టి రంగు గోనె సంచి కట్టాలి. అడుగులు లెక్క పెడుతూ వెనక్కి నడవాలి. గోనె సంచి ఆకారం తెలియకుండా పోయిన చోటే ఆ లైటు అసలు దూరం. పంది రంగు గోనెకే దగ్గర, యూరియా సంచికి కాదు. రెండో రాత్రి నిండా ఛార్జి చేసి, ఎక్కువ వెలుగులో పెట్టి గడియారం చూసుకోవాలి. పెట్టె మీద రాసిన సమయంలో సగం కూడా రాకపోతే బిల్లుతో సహా తిరిగి ఇచ్చేయాలి.

ఛార్జింగులో జాగ్రత్తలు

లైటుతో వచ్చిన ఛార్జరే వాడాలి. లిథియం లైటును వరిగడ్డి వామి దగ్గర, పరుపు మీద, నిద్రపోయేటప్పుడు తల దగ్గర పెట్టి ఛార్జి చేయరాదు. ఎండలో, బండి సీటు మీద వదిలేయరాదు. సెల్లు ఉబ్బినా, వేడెక్కినా, వాసన వచ్చినా వెంటనే తీసి బయట పెట్టి ఇక వాడరాదు. సీజను అయిపోయాక లిథియం లైటును సగం ఛార్జింగుతో నీడపట్టున ఉంచి, రెండు మూడు నెలలకొకసారి చూసుకోవాలి. పాడైన బ్యాటరీలను మంటలో వేయరాదు, బావిలో, కాలువలో పారేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే.

లేజరు కిరణం వచ్చే పచ్చలైట్లు కూడా టార్చి పేరుతో అమ్ముతున్నారు. అవి దూరం పోతాయి కానీ వెలుగు పరచవు, కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పిల్లల చేతికి ఇవ్వరాదు. మామూలు లైటునైనా దారిన పోయే బండి వాళ్ల ముఖాన వేయడం మంచిది కాదు.

అంగడికి పోయేముందు గుర్తుంచుకోవలసినవి

1. చేను పొడవు అడుగులతో కొలిచి, దానికి రెట్టింపు దూరం ఉన్న లైటు చాలు.
2. దూరానికి క్యాండెలా చూడాలి, ల్యూమెన్ కాదు.
3. వెడల్పు గిన్నె, ఒక్కటే ఎల్.ఇ.డి. ఉన్నది దూరం పోతుంది.
4. 18650 సెల్లు మీద 3,500 దాటి బాగా ఎక్కువ రాసి ఉంటే అనుమానించాలి.
5. సెల్లు ఊడదీసి మార్చుకునే వీలుండాలి.
6. కనీసం మూడు రకాల వెలుగు ఉండాలి.
7. నీళ్లకు తట్టుకునే అంకె 4కు తగ్గకూడదు.
8. బిల్లు, గ్యారంటీ, ఐ.ఎస్. గుర్తు చూసుకోవాలి.
9. తిరిగి ఇచ్చే గడువులోపు చేనులో పరీక్ష చేయాలి.
10. ఇంట్లో ఇంకొక చిన్న లైటు ఎప్పుడూ ఛార్జింగుతో ఉండాలి.

నలుగురైదుగురు పక్క పక్క చేల రైతులు కలిసి వంతులవారీ కాపలా పెట్టుకుంటే ఒక్క మంచి దూరపు లైటు అందరికీ సరిపోతుంది. ఖర్చు పంచుకోవచ్చు, నిద్రా పంచుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా రాత్రిపూట చేనులో ఒంటరిగా ఉండవలసిన పని తప్పుతుంది. కాపలా అవసరమయ్యే ఈ రెండు మూడు నెలలూ రైతులు ఈ సంగతులు దృష్టిలో ఉంచుకుని, తగిన లైటు ఎంచుకుని, పంటతో పాటు ప్రాణమూ కాపాడుకోవాలి.